విగ్రహవాక్యం వైద్యం కాదు

మొన్న ఒక పెళ్ళి విందులో నా పక్క ఆకు ముందు కూర్చున్న పెద్దమనిషి, శాకాహారికి మూత్రపిండాలలో రాళ్ళు రానే రావనీ, ప్రారబ్ధవశాన వచ్చినా కొండపిండి వేరు కషాయమూ ఉలవచారూ ఉండగా ఆసుపత్రి గడప తొక్కనక్కరలేదనీ సెలవిచ్చారు. చుట్టూ ఉన్నవారు తలలూపారు. ఆ క్షణాన ఆయన ఆకులో రెండు రకాల ఊరగాయలూ, అప్పడాలూ, పాలకూర పప్పూ ఉన్నాయి. శుభకార్యంలో వాదులాట తగదని ఊరుకున్నాను. ఊరుకున్నందుకు మనసొప్పక ఇది వ్రాస్తున్నాను.

నేనూ పుట్టు శాకాహారినే. అయినా 58వ యేట, మండువేసవిలో, నాకూ రాయి వచ్చింది. నడుము నుంచి గజ్జ దాకా పాకిన ఆ బాధకు, జీవితమంతా అలంకారశాస్త్రం చెప్పినవాణ్ణి, ఒక్క ఉపమానమైనా వెదుక్కోలేకపోయాను. మాంసం తగ్గితే మూత్రంలో యూరిక్ ఆమ్లం తగ్గుతుంది, రాయి కట్టకుండా అడ్డుపడే సిట్రేటు నిలుస్తుంది. ఆ మేరకు శాకాహారానికి మేలున్నది, కాదనను. కానీ ఈ రాళ్ళలో అత్యధికం కాల్షియం ఆక్సలేటు. ఆ ఆక్సలేటు పాలకూర, తోటకూర, చుక్కకూర, జీడిపప్పు, బాదం వంటి వాటిలోనే దండిగా ఉన్నది. మేకకూ కోడికీ ఇందులో పాత్ర లేదు! ఇక ఉప్పు సంగతి. ఉప్పు ఎక్కువైనకొద్దీ మూత్రంలోకి కాల్షియం ఎక్కువ దిగుతుంది. ఆవకాయ, మాగాయ, వడియాలు, ఊరమిరపకాయలు లేని శాకాహారం మనలో ఎందరిది?

రాయి అనగానే మన ఇళ్ళలో మొదట బహిష్కరించేది పాలూ పెరుగూ, ఆ వెనుక టమాటా. టమాటాలో ఆక్సలేటు స్వల్పం, పాపం దానికి నింద వచ్చింది. పెరుగు మానడం మాత్రం నిజంగా హానికరం. భోజనంలోని కాల్షియం ప్రేగులలోనే ఆక్సలేటును పట్టి బయటకు పంపుతుంది. అది లేకపోతే ఆక్సలేటు రక్తంలో చేరి మూత్రపిండానికి పోతుంది. ఇటలీలోని పార్మా వైద్యులు, పదేపదే రాళ్ళు కడుతూ మూత్రంలో కాల్షియం ఎక్కువగా ఉన్న 120 మంది పురుషులను అయిదేళ్ళు పరిశీలించి 2002లో ఫలితం ప్రకటించారు. కాల్షియం తగ్గించి తిన్న 60 మందిలో 23 మందికి రాయి మళ్ళీ వచ్చింది. కాల్షియం మామూలుగా తింటూ ఉప్పూ మాంసమూ తగ్గించిన 60 మందిలో 12 మందికే వచ్చింది. పెరుగన్నం మానిన వారు ఈ లెక్క ఒకసారి చూడవలసింది.

ఇప్పుడు కొండపిండికి వస్తాను. కొండను పిండి చేసేది గనుక కొండపిండి అనీ, సంస్కృతంలో పాషాణభేది అనీ విగ్రహవాక్యం చెప్పి, చూశారా, పేరులోనే మందున్నదంటారు. విగ్రహవాక్యాలు చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి, వాటి బలమెంతో నాకు తెలుసు. పేరు గంగాభవాని, తాగబోతే నీళ్ళు లేవు. యూరిక్ ఆమ్లపు రాయిని, వైద్యుడు మూత్రపు ఆమ్లత తగ్గించే మందిచ్చి కరిగించగలడు. కాల్షియం ఆక్సలేటు రాయిని కరిగించే కషాయం ఇంతవరకు లేదు. అయిదు మిల్లీమీటర్ల లోపు రాళ్ళు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. ఆ సమయంలో మనం ఉలవచారు త్రాగుతూ ఉంటే కీర్తి ఉలవలకు దక్కుతుంది.

పూర్వులు చెప్పారు గదా అని వాదించేవారు పూర్వులను పూర్తిగా చదవరు. సుశ్రుతుడు చికిత్సాస్థానం ఏడవ అధ్యాయంలో అశ్మరిని యమునితో పోల్చి, లేతగా ఉన్నది ఔషధంతో సాధ్యమనీ, పెరిగినది కోతకు తగినదనీ స్పష్టంగా చెప్పాడు. ఆ కోత ఎలా కోయాలో కూడా వివరించాడు. మనవారు మొదటి సగం పట్టుకొని రెండవ సగం వదిలేశారు.

నా కోపానికి అసలు కారణం వేరే ఉన్నది. మా తోడల్లుడు ఎనిమిది నెలలు అటువంటి కషాయమే త్రాగాడు. నొప్పి తగ్గింది. "అన్నయ్యగారూ, రాయి కరిగిపోయింది" అని ఫోనులో ఎంత సంబరపడ్డాడో! నేనూ సంబరపడ్డాను, ఆ తప్పు నాది కూడా. రాయి కరగలేదు. మూత్రనాళానికి అడ్డం కూర్చున్నది. దారి మూసుకుపోయిన మూత్రపిండం క్రమంగా పని మానేస్తుంది, దానితో నొప్పీ మానవచ్చు. స్కానింగు తీయించేనాటికి అది నీటితిత్తిలా ఉబ్బి, కండ పలుచబడి, తీసివేయడం తప్ప గతి లేని స్థితికి వచ్చింది. అతడు కూడా శాకాహారే.

వంటింటిని నేను తక్కువ చేయను. ఉప్పు లేని నిమ్మరసంలో సిట్రేటున్నది, త్రాగండి. పాలకూర ఉడికించిన నీళ్ళు పారబోసి, పెరుగుతో కలిపి తినండి. అరటిదూట కూర ఇష్టమైతే వండుకోండి, కూరగా. కానీ జ్వరంతో కూడిన నొప్పి వచ్చినా, మూత్రం ఆగినా ఆ రాత్రే వైద్యుని దగ్గరకు పోవాలి. నొప్పి పోయినా రాయి పోయిందో లేదో స్కానింగు చెప్పాలి, మనం కాదు.

అన్నిటికంటె మేలైన ఇంటివైద్యం నీళ్ళు. ఆ పార్మావారే 1996లో, రోజుకు రెండు లీటర్ల మూత్రం వచ్చేటట్లు నీళ్ళు త్రాగినవారిలో అయిదేళ్ళలో నూటికి 12 మందికీ, త్రాగనివారిలో 27 మందికీ రాయి మళ్ళీ వచ్చిందని చూపారు. (గుండె జబ్బో, మూత్రపిండాల బలహీనతో ఉన్నవారు మాత్రం వైద్యుని అడిగి త్రాగాలి.) ఖర్చు లేని ఈ మందు కూడా అందరికీ అందదు. నేను పనిచేసిన ఒక బడిలో ఆడపిల్లలూ, మా పంతులమ్మలూ పొద్దున ఇంట్లో త్రాగిన నీళ్ళతో సాయంత్రం దాకా గడిపేవారు. మరుగుదొడ్డికి తలుపు లేదు. కషాయాల మీద ఎందరో పెద్దల ప్రసంగాలు విన్నాను గానీ, ఆ తలుపు సంగతి ఒక్కరూ ఎత్తగా వినలేదు.