పాటకు ఒజ్జబంతి

కవి పేరు గ్రంథములలో నిలుచును. ఆతనికి బాణీ నిచ్చిన ఊరి గాయకుల పేర్లు గాలిలో కలిసిపోవును. సుద్దాల హనుమంతు గారినే చూడుడు. నల్లగొండ సీమలో గొంగడి భుజమున వైచికొని గొల్లవారు చెప్పెడి సుద్దులే ఆయన కలమునకు ఒజ్జబంతి. 1946-51 తెలంగాణ సాయుధ పోరాట కాలమున దొరల దౌష్ట్యమును ఆ ఫణితిలోనే ఆయన వినిపింపగా, చదువురాని పల్లెప్రజకు వ్యాఖ్యాత అక్కరలేకపోయెను. బాణీ వారెరిగినదే, మాట మాత్రమే క్రొత్తది.

బడిలో మనము పాటను వచనమువలె చదివించి ప్రశ్నలడుగుచున్నాము, బాణీని విడిచిపెట్టుచున్నాము. ఉపాధ్యాయ మిత్రులారా! మీ ఊరి సుద్దులవారిని, భజనపరులను ఒకనాడు తరగతికి పిలువుడు. వారి పేర్లను పిల్లలచేత వ్రాయింపుడు. ఆ గొంతులు మూగవోయినచో రేపటి కవికి మాటలు మిగులును గాని, పాట మిగులదు.