పెద్ద షీటుతో పాటు చిన్న బొమ్మకూ మార్కులివ్వండి

చిత్రకళా విద్యార్థులకు, అధ్యాపకులకు, తల్లిదండ్రులకు విజ్ఞప్తి

మన ఫైన్ ఆర్ట్స్ కాలేజీల్లో చాలాచోట్ల సబ్మిషన్ అంటే పెద్ద బొమ్మే. హాఫ్ ఇంపీరియల్‌కి తగ్గిందంటే అది రఫ్ స్కెచ్ కింద జమ. ఖరీదు పెట్టి కొన్న కాగితం ఎక్కడ పాడవుతుందోనని పిల్లలు చేతికొచ్చిన పద్ధతినే పట్టుకు వేలాడుతున్నారు. నిరుడు మార్కులు తెచ్చిన కుండా గుడ్డా ఈ ఏడూ అదే నీడతో వస్తున్నాయి. తెగించి ప్రయోగాలు చేయాల్సిన వయసులో వాళ్లకు జంకు నేర్పుతున్నాం. ఇది మారాలి.

ఇంపీరియల్ షీటు 22 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు. రెండు వైపులా నాలుగేసి భాగాలుగా మడిచి కోస్తే ఐదున్నరకు ఏడున్నర అంగుళాల ముక్కలు 16 వస్తాయి. ఒకటి చెడితే పోయేది షీటులో పదహారో వంతే.

అల్ట్రామెరీన్ నీలంలో బర్న్ట్ సియెన్నా కలపండి. నీలం పాలు ఎక్కువైతే వానమబ్బు రంగు, సియెన్నా ఎక్కువైతే తడిసిన మట్టిగోడ రంగు. ఒక్కో పాళ్లకు ఒక్కో ముక్క. అదే కుండను పొద్దుటి ఎండలో ఒకసారి, ట్యూబ్‌లైటు కింద ఒకసారి వేయండి. తడి కాగితం మీద ఒకటి, పొడి కాగితం మీద ఒకటి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, లేకుంటే దేనివల్ల ఏమొచ్చిందో తేలదు. పన్నెండో నంబరు కుంచే పట్టండి. అంత చిన్న చోట దాంతో కనురెప్పలు దిద్దలేరు. వెలుగెక్కడ, నీడెక్కడ అన్నది తేల్చుకోక తప్పదు. సన్న కుంచెతో నగిషీకి దిగితే ఈ సాధన వల్ల ప్రయోజనం సగం పోతుందని నా గట్టి నమ్మకం.

ఆరాక వెనక నాలుగు మాటలు రాసుకోండి. ఇంగ్లండు చిత్రకారుడు కాన్‌స్టేబుల్ 1821, 1822లలో హాంప్‌స్టెడ్‌లో మబ్బుల్ని కాగితాల మీద నూనె రంగుల్లో వేస్తూ, చాలావాటి వెనక తేదీ, వేళ, గాలి తీరు రాసిపెట్టాడు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ శిష్యులకూ స్నేహితులకూ రాసే కార్డుల మీద కూడా బొమ్మలు వేసేవారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో దక్కనీ సూక్ష్మచిత్రాల ముందు కాసేపు నిలబడినవారు చిన్న బొమ్మను చులకన చేయరు.

చిన్నవాటికి అలవాటుపడితే చెయ్యి పెద్దదానికి సాగదని కొందరు గురువులంటారు. అందులో నిజముంది. మణికట్టుతో వేయడం వేరు, భుజం నుంచి వేయడం వేరు. ఐదంగుళాల్లో హాయిగా ఉన్న ఖాళీ ఆకాశం నాలుగడుగుల్లో బోసిపోతుంది కూడా. అందుకే పెద్ద షీటు మానేయమని అడగడం లేదు.

అడుగుతున్నది ఇదీ: మొదటి రెండేళ్లు సబ్మిషన్ మార్కుల్లో మూడో వంతు చిన్న బొమ్మల వరసకు కేటాయించండి. చెడినవీ అందులో ఉండాలి, వెనక రాతతో సహా. విద్యార్థి ఏం ప్రయత్నించాడు, దాన్నుంచి తర్వాతి ముక్కలో ఏం మార్చాడు అన్నది చూసి మార్కులు వేయండి. వార్షిక ప్రదర్శనలో ఒక గోడ, కంటి ఎత్తులో, వీటికి వదలండి.

తల్లిదండ్రులారా, దీనికి వేరే గది అక్కర్లేదు, హాస్టల్ మంచం చాలు. అట్టముక్కలంత బొమ్మలేమిటని పిల్లల్ని చిన్నబుచ్చకండి.

విద్యార్థులారా, కాలేజీ ఒప్పుకునేదాకా ఆగొద్దు. ఈ ఆదివారమే షీటు కోయండి. ఈ కరపత్రంతో ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లేటప్పుడు 16 ముక్కలూ పట్టుకెళ్లి, బల్ల మీద వరసగా పరిచి, ఆ తర్వాతే మాట మొదలుపెట్టండి.