కోటగుమ్మంలో పాదచారికి చోటేదీ?

గోదావరి స్టేషనులో రైలు దిగిన రైతుకు రాజమండ్రి పాత పేటల్లో ఆటోతో పని లేదు. కోటగుమ్మం నాలుగడుగుల దూరం. అక్కడినుంచి పుష్కరఘాటు, మెయిన్ రోడ్డు, కందుకూరి వీరేశలింగంగారి ఇల్లు, అన్నీ కాలినడకన తిరిగి రాదగినవే. స్నానం, దర్శనం, ఇంటికి కావలసిన సరుకులు చూసుకొని, మధ్యలో ఒక గ్లాసు రోజ్‌మిల్క్ తాగి సాయంత్రం బండికి వెనుదిరగవచ్చు. కోరుకొండ, సీతానగరం, కొవ్వూరు వైపునుంచి వచ్చేవారికి రాజమండ్రి అంటే చాలావరకు ఈ నాలుగు వీధులే.

ఇక్కడి తిండికి పేరు రావడానికి కారణం కూడా నడకే. కిందా పైనా నిప్పుల సెగతో నిదానంగా కాలే మినపరొట్టి, ఉల్లిపాయ కూరి నిమ్మకాయ పిండిన బజ్జీ, ఆత్రేయపురం పూతరేకులు కారులో పోయేవాడి కంటపడేవి కావు. వాసనకు ఆగిన మనిషే వాటికి గిరాకీ. ఆ పాలూ మినుములూ పల్లెలనుంచి వచ్చినవే కనుక ఈ వీధులు కళకళలాడితే లాభం పట్నానికొక్కదానికే కాదు.

ఇళ్ల సంగతి వేరు. 1881 డిసెంబరు 11న వీరేశలింగంగారు తొలి వితంతు వివాహం జరిపించినది ఈ ఊళ్లోనే. ఆయన ఇంటికి ప్రభుత్వ రక్షణ ఉన్నది. మామూలు మండువా లోగిళ్లకు, వీధి అరుగుల పెంకుటిళ్లకు ఆ అదృష్టం లేదు. అన్నదమ్ములు పంచుకుంటే ఇల్లు ముక్కలవుతుంది. దూలం పుచ్చితే మంచి కలప దొరకదు, దొరికినా పాతపని తెలిసిన వడ్రంగి దొరకడు. స్థలం ధర చూసి ఇల్లు కూల్చి అంతస్తులు లేపినవానిని నిందించి ప్రయోజనం లేదు. వాన పడితే చూరు కింద గిన్నెలు పెట్టుకొనేది ఇంటివాడే గాని, మెచ్చుకొని ఫొటో తీసుకుపోయేవాడు కాదు కదా!

2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తించిన అహమ్మదాబాదులో దీనికొక దారి చూశారు. పాత ఇంటిని పడగొట్టకుండా నిలిపినవాడు, తాను వాడుకోని కట్టుబడి హక్కును మరొకచోట మేడ కట్టేవానికి అమ్ముకోవచ్చు. ఆ సొమ్ముతో ఇల్లు బాగుచేసుకోవచ్చు. రోడ్డు కోసం ఇల్లు కోయించుకున్నవానికి టి.డి.ఆర్. బాండు ఇవ్వడం మన రాష్ట్రంలో తెలిసిన పద్ధతే. కోతకు పరిహారం దొరుకుతున్నప్పుడు, నిలిపినందుకు కూడా అటువంటి మేలు యజమాని చేతికి నిజంగా అందేటట్లు చూడాలి.

2027 పుష్కరాలు వస్తున్నాయంటే రోడ్ల విస్తరణ మాట రాక తప్పదు. 2015 జూలై 14న, గత పుష్కరాల తొలిరోజున, పుష్కరఘాటు వద్ద తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ దుర్ఘటనను చూపి వీధులన్నీ వెడల్పు చేయాలనేవారు ఉంటారు. జనమంతా ఒక్క ఘాటుమీద విరుచుకుపడిన నాటి ప్రమాదానికీ వీధి అరుగులకూ సంబంధం లేదు. ఇల్లు కొట్టి వెడల్పు చేసిన చోట మర్నాటికి మోటారు సైకిళ్లు వరుసకట్టి నిలుస్తాయి. నడిచేవాడు మళ్లీ కాలువ అంచుకే చేరుతాడు. ఎవరి కోసం ఆ వెడల్పు?

ముందుగా కావలసినది ఉన్న కాలిబాటను ఖాళీ చేయించడం. వాహనాలను వెలుపలనే నిలిపి, రద్దీ వేళల్లో మెయిన్ రోడ్డును నడిచేవారికి వదలవచ్చు. పల్లెలనుంచి వచ్చే ఆడవాళ్లు పట్నంలో పని ముగిసేదాకా మంచినీళ్లు కూడా తాగకుండా ఉగ్గబట్టుకొని తిరుగుతున్నారు. తాళం వేయని, నీళ్లున్న మరుగుదొడ్డి అడుగడుగునా అక్కరలేదు, ఘాటు దగ్గర ఒకటి, మెయిన్ రోడ్డులో ఒకటి ఉన్నా వారికి పెద్ద ఊరట. దీనిని చిన్న విషయంగా తీసిపారేసేవారు ఒక పూట వారితో తిరిగి చూడాలి.

కాలిబాట ఖాళీ పేరుతో తోపుడు బండ్లవారిని తరమడం మాత్రం తగదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో వారికీ స్థానం ఉన్నది. ఆ కమిటీ కూర్చుని ఎవరి చోటు ఎక్కడో తేల్చాలి. గుర్తింపు కార్డు ఇచ్చి, కుళాయి, చెత్తతొట్టి ఏర్పాటుచేసి, నిలబడవలసిన జాగా చూపించిన తర్వాతనే బండి తీయమనాలి.