పతకానికీ జీవికకూ మధ్య

విజేతల పతకాలను లెక్కించడం సులభం. ఆ పతకాలు గెలిచినవారికి ఆ ఆటే అన్నం పెట్టగలిగినదా అని విచారించేవారు అరుదు. కెనడా దేశపు ఐస్ హాకీ క్రీడాకారిణి హేలీ వికెన్‌హైజర్ జీవితం ఈ ప్రశ్ననే మన ముందుంచుతున్నది.

ఐస్ హాకీ మన హాకీకి దూరపు చుట్టం. అక్కడ పచ్చికకు బదులు గట్టి మంచు. బంతికి బదులు రబ్బరు బిళ్ల. సస్కాచవాన్ రాష్ట్రంలోని షానవాన్ అనే చిన్న ఊరిలో 1978లో జన్మించిన హేలీ, ఇంటి పెరటిలో తండ్రి ఏర్పరచిన మంచుపై ఆట నేర్చినది. చిన్ననాట బాలుర జట్లలో ఆడినది. 1994లో, పదిహేనవ యేట, జాతీయ జట్టులో చేరినది. ఒలింపిక్స్‌లో మహిళల ఐస్ హాకీకి 1998లో గాని స్థానం లభించలేదు. ఆ యేడు రజతం. ఆపైన 2002, 2006, 2010, 2014లలో వరుసగా నాలుగు స్వర్ణాలు. దేశం పక్షాన 276 పోటీలు, 168 గోళ్లు.

ఇంతటి క్రీడాకారిణి 2003లో ఫిన్లండు వెళ్లి పురుషుల జట్టులో ఆడినది. పురుషుల వృత్తి లీగులో గోలు చేసిన తొలి మహిళ అన్న కీర్తి దక్కినది. కాని ఆ కీర్తి వెనుకనున్న లోటును గమనించాలి: నాడు స్వదేశంలో మహిళలకు జీతమిచ్చే లీగు లేదు. 2007లో ఒక లీగు వెలసినా, పది సంవత్సరాలు జీతం లేకుండానే నడిచినది. 2017లో స్వల్ప వేతనాలు మొదలైనవి. హేలీ ఆట విరమించినదీ ఆ యేడే. 2019లో ఆ లీగూ మూతపడినది.

“చూచేవారు లేనిదే జీతమెవరిస్తారు?” అని కొందరు వాదిస్తారు. వాదంలో న్యాయం లేకపోలేదు. అయితే లీగు మూతపడినప్పుడు రెండువందలమందికి పైగా క్రీడాకారిణులు, తగిన వసతులు, వేతనాలు కల్పించేవరకు ఉత్తర అమెరికాలో ఏ లీగులోనూ ఆడబోమని ప్రకటించినారు. ఫలితంగా 2024 జనవరిలో కొత్త లీగు ప్రారంభమైనది. అప్పుడు కనీస వేతనం సంవత్సరానికి 35 వేల డాలర్లు. ఆ ఏప్రిల్‌లో మాంట్రియాల్‌లో జరిగిన ఒక్క పోటీకి 21,105 మంది వచ్చినారు. చూచేవారు లేకపోలేదు, వారిని రప్పించే ఏర్పాటే అంతవరకు లేదు. అయినను పురుషుల లీగులో అప్పటి కనీస వేతనం 7,75,000 డాలర్లు. వ్యత్యాసం తీరిపోలేదు, దారి మాత్రం పడినది.

హేలీ ఆటతో ఆగలేదు. 2021లో కాల్గరీ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య పూర్తిచేసి వైద్యురాలైనది. ఆటలు చదువును చెరుపుతాయని భయపడే పెద్దలకు ఇంతకంటె సమాధానమేమి కావాలి?

ఆమెకు మనతోనూ ఒక సంబంధమున్నది. 2018లో ఆమె లడఖ్ వెళ్లి అక్కడి బాలికలను కలిసినది. ఆ యేడే మన మహిళా జట్టు కాల్గరీలో ఆమె పేర జరిగే పోటీలకు వెళ్లినది. 2025లో ఆ జట్టు ఆసియా కప్పులో కాంస్యం గెలిచినది. ఆ బాలికలను అభినందించడం మన ధర్మం. అంతటితో అది తీరదు. రేపు వారు ఆటనే వృత్తిగా ఎంచుకోదలిస్తే అందుకు మార్గమున్నదా అని అడగడం కూడ మన ధర్మమే.