బీరువాలోని సూక్ష్మదర్శిని

మే మెరిగిన యొక పాఠశాలలో సూక్ష్మదర్శిని యొకటి యుండెను. అద్దపు తలుపుల బీరువాలో, పై యరలో, గుడ్డముసుగు క్రింద దాని నివాసము. సంవత్సరమున కొక్కసారి, తనిఖీ జరుగు దినమున, దానిని దింపి తుడిచి బల్లమీద నుంచెడివారు. విద్యార్థులు చేతులు వెనుకకు కట్టుకొని వరుసగా వచ్చి, ఒక్కొక్కరు ఒక్కొక్క క్షణము లోనికి తొంగిచూచి పోయెడివారు. ఏమి కనబడిన దని యడిగినచో "ఉల్లిపొర కణములండీ" అని అందరును ఒక్కటే మాట చెప్పెడివారు. నిజమునకు పెక్కురకు కనబడినది తమ కనురెప్పల వెండ్రుకల నీడయే. పరిహాసమునకై మే మిది వ్రాయుట లేదు. ఆ వరుసలో నిలిచి ఆ యబద్ధమును చెప్పినవారిలో మేమును ఉంటిమి.

ఉపాధ్యాయులను నిందించుట మా యుద్దేశము కాదు. ఏబదిమంది పిల్లలు, ఒక్క పరికరము. పగిలినచో ఎవరు బదులు చెప్పవలయు నను భయము. ఈ భయము సహజమే. అయినను ముట్టనీయని పరికరమునకును గోడమీది పటమునకును భేద మేమి? ఇటీవల కొన్ని తరగతి గదులలో పెద్ద తెరలు వచ్చినవి. వానిపై కణము రంగురంగులతో, పేర్లతో సహా ప్రత్యక్షమగుచున్నది. మంచిదే. కాని యా బొమ్మను ఎవరో వెదకిరి, ఎవరో స్ఫుటముగా కుదిర్చిరి, ఎవరో పేర్లు వ్రాసిరి. పిల్లవానికి మిగిలిన పని కూర్చుండుట యొక్కటే.

ఈ సందర్భమున మన తెలుగునాట జరిగిన యొక వృత్తాంతమును జ్ఞాపకము చేయుట యుచితము. 1897 ఆగస్టు 20వ తేదీన, సికిందరాబాదు చెంత బేగంపేటలో, రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపుగోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. ఆయన సూక్ష్మదర్శిని యెట్టిదో ఆయనయే తన జ్ఞాపకములలో చెప్పుకొనెను. నుదుటి చెమట, చేతుల చెమట తగిలి దాని మరలు త్రుప్పుపట్టినవి. మిగిలిన యొక్క అక్షికటకమును బీటవారినది. పంకా వేసినచో కోసిన దోమలు ఎగిరిపోవును గాన ఆ యుక్కలో పంకా లేకయే పనిచేసెను. హుస్సేన్ ఖాన్ అను రోగి రక్తము త్రాగిన దోమలను ఒక్కొక్కటిగా చీల్చి పరీక్షించుచు పోగా, తుదకు ఒకదానియందు నల్లని రేణువులు గల గుండ్రని కణములు అగపడినవి. ఆ నల్లని రేణువులు మలేరియా రోగుల రక్తములో ఆయన చూచి చూచి యెరిగినవే; క్రొత్తవానికి అవి మురికిచుక్కలుగా తోచియుండును. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. ఆ భవనము నేటికిని బేగంపేటలో నున్నది. అతని పరికరమును, పైన జెప్పిన బీరువాలోని దానిని ప్రక్కప్రక్కల నుంచినచో ఏది నిగనిగలాడుచుండునో చెప్పనక్కరలేదు.

పట్టు తీరు మొదటనే నేర్పినచో సూక్ష్మదర్శిని యంత సులభముగా చెడదు. ఒక చేత భుజమును, మరియొక చేత పీఠమును పట్టి నిటారుగా మోయవలయును. కటకములను చొక్కా యంచుతో తుడువరాదు. అందులకై వచ్చు మెత్తని కాగితమే వాడవలయును. మొదలిడుట ఎల్లప్పుడును చిన్న వస్తుకటకముతోనే. అక్షికటకము 10 ఇంతలు, చిన్న వస్తుకటకము 4 ఇంతలు చూపినచో రెండును కలిసి 40 ఇంతలు చూపును. 40 గుర్తుగల వస్తుకటకముతో 400 ఇంతలు. పిల్లలందరకును ఈ 400మీదనే మోజు. కాని బొమ్మ పెరిగినకొలది కనబడు చోటు కుంచించుకొనిపోవును, వెలుతురు తగ్గును, కటకమునకు గాజుపలకకు నడుమ ఎడము సుమారు అర మిల్లీమీటరునకు దిగును. పలకలు పగులుట యక్కడనే. కావున కటకమును పలకకు చేరువ చేయునపుడు కన్ను అక్షికటకముపై నుండరాదు. ప్రక్కనుండి చూచుచు చేరువ చేసి, పిదప లోనికి చూచుచు ఎడము పెంచుచు రావలయును. ఈ యొక్క నియమమును పాటించినచో ఉపాధ్యాయుల భయములో సగము తీరును.

ఉల్లిరేకు లోపలివైపున తడిగా నంటియుండు పలుచని పొరను ఊడదీసి, నీటిచుక్కలో ముడుతలు లేకుండ పరచి, ఒక చుక్క అయోడిన్ వేసి, పైగాజును ఒక యంచునుండి మెల్లగా వాల్చవలయును. తటాలున పడవేసినచో గాలిబుడగలు చిక్కును. నల్లని దట్టపు టంచుగల గుండ్రని బుడగను కణమని గీసిన విద్యార్థు లెందరో! వారిని మేము తప్పుపట్టము. వారు కనబడినదానినే గీసిరి.

మాకు చింత కలిగించునది వేరొకటి. రికార్డు పుస్తకములను తిరుగవేయునపుడు ఉల్లిపొర బొమ్మలలో ఆకుపచ్చని హరితరేణువులు కనబడుచున్నవి. మట్టిలో పెరిగిన యుల్లిగడ్డ తెల్లని రేకులో హరితరేణువు లెక్కడివి? పాఠ్యపుస్తకపు వృక్షకణము బొమ్మలో నున్నవి గాన ఇందును చేరినవి. అట్టి బొమ్మకు నిండు మార్కులును, బుడగ గీసినవానికి సున్నయు వచ్చుట మేము చూచితిమి. ఆ దినమున తరగతి నేర్చినది జీవశాస్త్రము కాదు. కన్నుకంటె అచ్చు నమ్మదగిన దని.

కేంద్రకము సంగతి చూడుడు. అయోడిన్ వేసిన పొరలో నది గోధుమవన్నె చుక్కగా తేలును. మనము తరచుగా దానిని కణము నడుమ గీయుదుము. పొరలో నది తరచుగా గోడకు ఒదిగి యుండును. ఏలయన నడిమి చోటెల్ల రసముతో నిండిన రిక్తిక యాక్రమించును. కొన్ని కణములలో మొదట అసలే కనబడదు. అప్పుడు సూక్ష్మ సవరణ మరను ఇసుమంత త్రిప్పినచో పైనో క్రిందనో నున్నది మెల్లగా తేలివచ్చును. కణము కాగితమువలె చదునైనది కాదు, లోతుగల పెట్టె వంటి దని మర త్రిప్పిన వ్రేళ్లకు తెలియును. తెరమీది బొమ్మను ఎంతసేపు చూచినను ఈ తెలివి రాదు.

ధనము లేదనువారి కొక మాట. డెల్ఫ్ట్ నగరపు బట్టలవర్తకుడు లీవెన్‌హోక్ తన చేతులతో అరగదీసికొన్న ఒంటికటకముతో నీటిలోని సూక్ష్మజీవులను చూచి 1676లో లండను రాయల్ సొసైటీకి వ్రాసెను. మన కాలమున, 2014లో, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన మను ప్రకాశ్ అను భారతీయ సంతతి శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును మడిచిన కాగితముతో చేసిన సూక్ష్మదర్శినిని ప్రకటించిరి. దాని సామగ్రి వెల ఒక డాలరునకు లోపే. ఇవి పాఠశాల పరికరమునకు సాటి యని మేమనము. కాని పగిలినచో గుండె పగులదు.

మేము కోరునది కొంచెమే. వారమున కొక సాయంకాలము, బడి విడిచిన పిమ్మట, ఒక గంట ఆ బీరువా తెరచియుండవలయును. ఇరువురు విద్యార్థులకు ఒక పొర, ఒక పరికరము, లేనియెడల వంతులవారీగా. బొమ్మ క్రింద తేదీయు, ఎన్ని యింతలు చూచిరో ఆ లెక్కయు వ్రాయవలయును. పాఠ్యపుస్తకము ఆ గంట సేపు సంచిలోనే యుండవలయును. బుడగ గీసినవాని ప్రక్కన ఉపాధ్యాయుడు కూర్చుండి, పైగాజు నంచున మెల్లగా నొక్కి, "ఇప్పుడు జరిగినది చూడు, కణ మిట్లు కదలునా?" అని యడుగవలయును. పలక పగిలినచో చిట్టాలో వ్రాసి మరియొకటి తీసికొనవలయును. తల్లిదండ్రులు ఆ సాయంకాలము పిల్లలు ఆలస్యముగా ఇల్లు చేరినచో కోపింపక, ఏమి చూచితి వని యడిగినచో చాలును. మరునాడు పిల్లవాడు వంటయింటికి వచ్చి ఉల్లిగడ్డ యొకటి కావలె ననినచో, ఎందుల కని గద్దింపక ఈయవలయును.