వంటయిల్లు కడపటి పనియా?

హైదరాబాదునకు పడమట ఆకాశము నంటు గృహసముదాయములు లేచుచున్నవి. వానిలో వందలకొలది వంటయిండ్లు! అయినను ఆ పని తమకు దక్కుటలేదని మన వంటయింటి రూపకర్తలు మొరపెట్టుకొనుచున్నారు. మొర సత్యమే, కాని మొరలు విని పని నిచ్చువా డెవ్వడు?

లోపమెచ్చట నున్నది? స్తంభములు లేచి, గొట్టములు గోడలలో పూడిన పిమ్మట మన రూపకర్త అరమరల పట్టికతో బయలుదేరును. అప్పటికి సింకుచోటును గొట్టపుపనివాడును, పొయ్యిచోటును గ్యాసుగొట్టమును నిర్ణయించి యుండును. పొగ పోవు దారికి దూలమడ్డుపడును. ఇక రూపకర్తకు మిగిలినది తలుపుల రంగు నెన్నుటయే! రంగు మాత్రమే తెచ్చినవానితో నిర్మాత ధర మాత్రమే మాటలాడును. ఇందాశ్చర్యమేమి?

1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరము ఎర్నెస్టు మే నాయకత్వమున సామాన్యులకు గృహములు నిర్మించుచుండగా, మార్గరెటె లిహోట్స్కీ యను శిల్పిని వాని వంటయింటిని రచించెను. గృహిణి నడకను, శ్రమను లెక్కించి, రైలుబండ్ల వంటగదులను పరిశీలించి, సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవుగల గదిలో సర్వము నమర్చెను. అది సుమారు 10,000 ఇండ్లలో వెలసెను. ఆమె నగర నిర్మాణశాఖలో ఉద్యోగిని, మనకా భాగ్యమేదని యందురేమో! ఆ కుర్చీ లేకున్నను వాస్తుశిల్పి గుమ్మము మనకున్నది. పునాది త్రవ్వకమునుపే ఆ గుమ్మ మెక్కుడు.

రిక్తహస్తములతో పోవలదు. నీరు, మురుగు, గ్యాసు, విద్యుత్తు, పొగగొట్టము ఎచ్చటెచ్చట రావలెనో కొలతలతో గీసి చూపుడు. ఇంటికొక వింతరూపము వలదు. అంతస్తు కంతస్తు తిరిగివచ్చు మూడు నాలుగు నమూనాలు చాలును. సింకు క్రింద ఐ.ఎస్. 710 ప్లైవుడ్డో, మరియొకటియో, ధరపట్టికలో స్పష్టముగా వ్రాయుడు. ఒక నమూనా వంటయింటిని కట్టి చూపుడు. ఏ అంతస్తునకు ఏ వారమున సరకు చేరునో మాట యిచ్చి నిలుపుకొనుడు. ఒక్క కార్ఖానాకు శక్తి చాలనిచో నాలుగు కలిసి టెండరు వేయుడు.

అన్నిటికంటె బలమైన ఆయుధము మరియొకటి కలదు. 2016 నాటి స్థిరాస్తి చట్టము 14వ సెక్షను ననుసరించి, ఇల్లప్పగించిన ఐదేండ్లలో బయటపడి తన దృష్టికి వచ్చిన పనితనపు లోపమును నిర్మాత 30 దినములలో తన ఖర్చుతో సరిదిద్దవలెను. ఆ భారమున మా పనిమేరకు మేము వెనుక నిలిచెదమని వ్రాతపూర్వకముగా పూచీపడువాడు వట్టి అరమరల వర్తకుడు గాడు, నిర్మాతకు భాగస్వామి!

నిర్మాతలారా! మీకును ఒక మాట. చౌకయని చూచి చివర పిలిచిన పనికి, కట్టిన గోడలను మరల పగులగొట్టుకొను ఖర్చును కలిపి లెక్కింపుడు. వంగి వంగి నడుము నొచ్చు గృహిణి బాధ ఏ లెక్కలోను చేరదు. కాని ఆ యింట నామె ప్రతిదినము దాని ననుభవించును.

రూపకర్తలారా! కడపటి పంక్తిలో కూర్చుండి విస్తరి చిన్నదని వగచిన ఫలమేమి? మొదటి పంక్తికి లెండు!