బాగైనవారు ఇంకా పాళెము వెలుపలేనా?



ధ్యానము కొరకు: లేవీయకాండము 14:1-9; సంఖ్యాకాండము 12:10-15; మార్కు 5:1-20.

జనవరి చివరి ఆదివారమును ప్రపంచమంతటా కుష్ఠువ్యాధి దినముగా పాటిస్తారు. మన దేశములో గాంధీగారి వర్ధంతి అయిన జనవరి 30న జరుపుతారు. ఆ వారము మన సంఘాలవారు కొందరు దుప్పట్లు, రొట్టెలు, అరటిపండ్లు పట్టుకొని ఊరి చివర కాలనీకి వెళ్తారు. పంచుతారు, ప్రార్థన చేస్తారు, ఫొటోలు దిగుతారు, తిరిగి వస్తారు. ఇదంతా మంచిదే. అయితే ఒక మాట అడుగుతున్నాము. ఆ కాలనీలలో ఉన్న పెద్దవారిలో చాలామందికి ఇప్పుడు ఆ వ్యాధి లేదు. ఎన్నో ఏండ్ల క్రితమే మందులు వాడి బాగయ్యారు. బాగైన మనిషి ఇంకా ఊరి వెలుపల ఎందుకు ఉన్నాడు? దుప్పటి ఇచ్చిన మన చెయ్యి అతనిని మన గడప లోపలికి ఎందుకు పిలవదు?

వాస్తవాలు తెలిసికొందాము. ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మక్రిమిని నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనుగొన్నాడు. ఇది శాపమూ కాదు, వంశపారంపర్యమూ కాదు. 1981 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేస్తున్నది. వ్యాధి తీవ్రతను బట్టి ఆరు నెలలు లేక పన్నెండు నెలలు మందులు వాడితే నయమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో అవి ఉచితం. చికిత్స మొదలైన కొద్ది కాలానికే ఆ మనిషి నుండి వేరొకరికి అంటే ప్రమాదం పోతుంది. అసలు చాలామంది శరీరాలకు ఈ క్రిమిని తట్టుకొనే శక్తి పుట్టుకతోనే ఉంటుంది.

"మరి ఆ వేళ్ళు అలా ఉన్నాయి కదా అయ్యగారూ" అంటారు. వేలూరులో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ అనే మిషనరీ వైద్యుడు ఈ సంగతి లోకానికి చూపించాడు. వ్యాధి నరాలను దెబ్బతీసి స్పర్శను తీసివేస్తుంది. వేడి గిన్నె పట్టినా, కాలికి ముల్లు గుచ్చుకొన్నా నొప్పి తెలియదు. నొప్పి తెలియక పుండ్లు పడతాయి, పుండ్లు మానక వేళ్ళు అరిగిపోతాయి. అంటే ఆ వంకర వేళ్ళు వ్యాధి ఉన్నదనుటకు గుర్తు కాదు, వ్యాధి దాటిపోయిన గుర్తు కావచ్చు. కాలిన గాయము మానిన మచ్చను చూసి ఇంకా నిప్పు అంటుకొని ఉన్నదని ఎవరైనా పారిపోతారా?

ఇక వాక్యము దగ్గరకు వద్దాము. కుష్ఠు అనగానే మనవారికి లేవీయకాండము 13వ అధ్యాయము గుర్తుకు వస్తుంది. రోగిని పాళెము వెలుపల ఉంచమన్న అధ్యాయము అది. దాని ప్రక్కనే 14వ అధ్యాయము ఉన్నది. దానిని ఎంతమంది చదివారు? బాగైన మనిషిని తిరిగి లోపలికి తెచ్చే విధి అక్కడ ఉన్నది. యాజకుడు తానే పాళెము వెలుపలికి నడిచి వెళ్ళి, అతనిని చూసి, పవిత్రుడని నిర్ణయించాలి. తరువాత అతడు బట్టలు ఉదుకుకొని, స్నానము చేసి పాళెములోనికి రావాలి. వెలుపలికి పంపుటకు ఒక అధ్యాయము ఇచ్చిన దేవుడు లోపలికి తెచ్చుటకు మరొక అధ్యాయము ఇచ్చాడు. మొదటిదానిని గట్టిగా పట్టుకొని రెండవదానిని విడిచిపెట్టినవారు ధర్మశాస్త్రమును గైకొన్నవారా, సగము చింపివేసినవారా?

ఇంకొక సంగతి. ఆ అధ్యాయాలలోని హెబ్రీ పదము మనుషుల చర్మానికే కాదు, బట్టలకూ ఇంటి గోడలకూ కూడ వాడబడింది. ఈనాటి వైద్యులు చెప్పే కుష్ఠువ్యాధీ, అదీ ఒక్కటేనని చెప్పుటకు వీలులేదు. అటువంటప్పుడు "పాపమనే కుష్ఠు" అని ప్రసంగ వేదికలమీద ఇంకా ఎందుకు కేకలు వేస్తున్నారు? వెనుక చాపమీద బాగైన తల్లి ఒకరు కూర్చొని ఉంటే, ఆ మాట ఆమెకు ఎలా వినబడుతుంది? పాపమును గద్దించుటకు బోధకులకు వేరే మాటలే దొరకవా?

మన యౌవనస్థులు ఫోనులో జాంబీ సినిమాలు చూస్తారు. 2017లో ఐర్లండు నేపథ్యముతో "ద క్యూర్డ్" అని ఒకటి వచ్చింది. మనుషులను కరిచి తినే రోగము సోకినవారికి మందు దొరుకుతుంది. బాగై ఇండ్లకు వస్తే జనము వారిని చేర్చుకోదు. అది కల్పిత కథ. పైగా ఆ కథలో బాగైనవారు రోగములో తాము చేసిన హత్యలను జ్ఞాపకము చేసికొంటూ బ్రతుకుతారు. వారిని చూసి జనము భయపడ్డారంటే కొంత అర్థమున్నది. మన కాలనీలోని పెద్దాయన ఎవరిని కరిచాడు? ఎవరి ప్రాణము తీశాడు? ఏ నేరము లేనివానికి కథలోని రాక్షసునికి వేసిన శిక్షే వేస్తున్నాము.

మార్కు 5లో సమాధులలో బ్రతికినవాడు బాగయ్యాడు. బట్టలు కట్టుకొని, స్వస్థచిత్తుడై కూర్చున్నాడు. సంకెళ్ళు తెంచుకొని అరిచిన రోజులలో అతనితో ఎలాగో సర్దుకొన్న ఊరు, అతడు నెమ్మదిగా కూర్చుండగా చూసి భయపడింది. బాగుచేసినవానినే తమ ప్రాంతము విడిచి వెళ్ళమన్నది. అతడు యేసువెంట వస్తానని బ్రతిమాలుకొన్నాడు. ప్రభువు ఒప్పుకొనలేదు. నీ ఇంటికి, నీవారియొద్దకు వెళ్ళమన్నాడు. ఎందుకు? ఇంటికి చేరనిదే ఆ స్వస్థత పూర్తి కాదు గనుక.

"పిల్లల పెండ్లి సంబంధాలు చెడిపోతాయి" అనేవారికి ఒక జవాబు. 1898 నాటి కుష్ఠురోగుల చట్టము 2016లో రద్దయింది. కుష్ఠును విడాకులకు కారణముగా చూపే మాటలను 2019లో పార్లమెంటు తొలగించింది. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టములో నుండి కూడ తీసివేసింది. పార్లమెంటు తీసివేసిన అడ్డును సంఘము మోస్తున్నదా? డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ వంటివారు ఈ రోగుల కొరకు ఆసుపత్రి స్థాపించినప్పుడు నయముచేసే మందు లేదు. వారు భయపడలేదు. మందు చేతికి వచ్చిన తరువాత మనము భయపడుచున్నాము!

గనుక అడుగుతున్నాము. ప్రభువు బల్లలో ఆ సహోదరునికి వేరే గిన్నె పెట్టవద్దు. చివర వరుస అతనికి కేటాయించవద్దు. క్రిస్మస్ విందులో ప్యాకెట్టు కట్టి పంపవద్దు, పంక్తిలో కూర్చోబెట్టండి. ఆయన పిల్లల సంబంధము వస్తే పిల్ల గుణము, పిల్లవాని పని అడగండి, తాతగారి చేతులు చూడవద్దు. ఎవరి ఒంటిమీదనైనా స్పర్శలేని మచ్చ ఉంటే దాచవద్దు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసికొని వెళ్ళండి. బాగైనవారిని మనము వెలివేస్తూ ఉంటే రోగము వచ్చినవారు దాచుకొంటారు, దాచినకొద్దీ వేళ్ళు పోతాయి. మన భయమే వారి అంగవైకల్యము అవుతున్నది.

మిర్యాము ఏడు దినములు పాళెము వెలుపల ఉన్నది. ఆ ఏడు దినములు ఇశ్రాయేలీయులు ఒక్క అడుగు ముందుకు వేయలేదు. ఆమెను చేర్చుకొన్న తరువాతనే ప్రయాణమయ్యారు. ఆమె తప్పు చేసి వెలుపల ఉన్నది, అయినా జనమంతా ఆగారు. ఏ తప్పూ చేయని ఎందరినో వెలుపల విడిచి మనము ముందుకు సాగిపోతున్నాము, పైగా సంఘము అభివృద్ధి చెందుచున్నదని సాక్ష్యము చెప్పుకొంటున్నాము. ఈ వారమే కాలనీకి వెళ్ళండి. ఈసారి దుప్పటి మరచినా ఫరవాలేదు. వచ్చే ఆదివారము మీ ప్రక్కన కూర్చొనుటకు ఒకరిని వెంటబెట్టుకొని రండి.

కుష్ఠరోగిని ముట్టిన ప్రభువు మన చేతులకు ఆ ధైర్యము నిచ్చును గాక. ఆమేన్.